కాగులోంచి ఊఁ

ఆ ఉద్యోగం నాకు చదువు చూసి ఇవ్వలేదు, భుజాలు చూసి ఇచ్చారు. ఇంటర్వ్యూలో వైన్ తోట యజమాని, ఒక పెద్దాయన, నా సర్టిఫికెట్లు పక్కన పెట్టేసి, లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తమన్నారు. ఎత్తాను. తర్వాత షెడ్డులోకి తీసుకెళ్ళి, నేలలో ఉన్న ఒక గుండ్రటి కన్నం చూపించి, ఇందులో పడతావా అని అడిగారు. హైదరాబాద్‌లో హార్టికల్చర్ చదివి, న్యూజీలాండ్‌లో ఆక్లాండ్ వచ్చి అప్పు చేసి మళ్ళీ అదే చదివి, చివరికి ఒక కన్నంలో పడతానా లేదా అన్న దాని మీద నా బతుకు తేలింది. పడ్డాను. అన్ని అర్థాల్లోనూ పడ్డాను.

పెద్దాయనది జార్జియా. అమెరికాలో ఉన్న జార్జియా కాదు, నల్లసముద్రం పక్కనున్న దేశం. ఈ మాట మా ఆయన స్నేహితులకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అక్కడ వైన్ చెక్క పీపాల్లోనో స్టీలు ట్యాంకుల్లోనో చేయరు. మెడ దాకా భూమిలో పాతిపెట్టిన మట్టి కాగుల్లో చేస్తారు. వాళ్ళ భాషలో దాన్ని క్వేవ్రి అంటారు. నాకు మొదటి రోజు నుంచీ అది కాగే. కోడిగుడ్డు ఆకారంలో, అడుగు సన్నగా, పొట్ట లావుగా, నేను నిలబడితే నా నెత్తి మీద ఇంకా చోటు మిగిలేంత లోతు. ద్రాక్షని తొక్కతో, గింజతో, ఒక్కోసారి తొడిమెతో సహా అందులో పోసి, మూతపెట్టి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తి, చలికాలమంతా కదపకుండా వదిలేస్తారు.

ఆ కాగులు ఆయన తన దేశం నుంచి ఓడలో తెప్పించుకున్నారు. ఆక్లాండ్‌కి పడమట, ద్రాక్షతోటల మధ్య ఒక పాత షెడ్డు కొని, నేల తవ్వించి పాతించారు. వైన్ తీసేశాక ఒకసారి, మళ్ళీ పంట కోసే ముందు ఒకసారి ఎవరో ఒకరు లోపలికి దిగి, చెర్రీ బెరడుతో కట్టిన కుంచెతో, సున్నపు నీళ్ళతో గోడలన్నీ తోమాలి. మట్టి ఏదీ మరిచిపోదు కాబట్టి తోమకపోతే పోయిన ఏటి పులుపు ఈ ఏడు వైన్‌లోకి దిగుతుంది. ఒకప్పుడు ఆ పని ఆయనే చేసేవారు. పొట్ట పెరిగాక కాగు ఆయన్ని రానివ్వలేదు. పనికి వచ్చే కివీ కుర్రాళ్ళవి, అదే ఈ దేశం వాళ్ళవి, రగ్బీ భుజాలు. అలా నేను దొరికాను.

నా పాస్‌పోర్టులో వర్క్ పర్మిట్ స్టిక్కర్ మీద ఆ తోట పేరు అచ్చువేసి ఉండేది. అంటే నేను ఈ దేశంలో ఉండొచ్చు, కానీ ఆ తోటలోనే పని చేయాలి. అక్కడ మానేస్తే దేశంలో ఉండే హక్కు కూడా మానేసినట్టే. మా ఆయన పర్మిట్ నా పర్మిట్‌కి తోక. తమాషా ఏమిటంటే తోకకి స్వేచ్ఛ ఉంది, ఆయన ఎక్కడైనా పని చేయొచ్చు. సాఫ్ట్‌వేర్ చదువుకున్నవాడు, ఎక్కడికి వెళ్ళినా ‘కివీ ఎక్స్‌పీరియన్స్ లేదు’ అని పంపించేస్తుంటే శాండ్రింగ్‌హామ్‌లో పెట్రోల్ బంకులో నిలబడ్డాడు. మౌంట్ రాస్కిల్‌లో మా ఫ్లాట్ కిటికీలోంచి చూస్తే పక్కింటి వాళ్ళ చెత్తడబ్బాలు కనిపించేవి. రెసిడెన్సీకి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, దరఖాస్తు పెట్టాం. అది వచ్చేదాకా నేను ఆ తోట వదలకూడదు, ఆ తోట మూతపడకూడదు, ఆ పెద్దాయనకి నా మీద కోపం రాకూడదు. మా ఇద్దరి బతుకూ ఒక ముసలాయన మూడ్ మీద ఆధారపడి ఉందన్న సంగతి నాకు రోజూ పొద్దున బస్సు ఎక్కేటప్పుడు గుర్తొచ్చేది.

ఇండియన్ సరుకుల కొట్టులో కరివేపాకు ఏరుకుంటుంటే ఒక ఆంటీ అడిగింది, “ఎక్కడ జాబ్ చేస్తున్నవమ్మా?” అని. వైన్ చేసే తోటలో అన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుని, “అయ్యో, ఆఫీసుల ఏం దొరకలేదా,” అంది. వారం తిరిగేసరికి నేను సారా బట్టీలో పని చేస్తున్నానని మా వాళ్ళందరికీ తెలిసిపోయింది. పోనీ ఆ సారా అయినా అమ్ముడుపోయేదా అంటే అదీ లేదు. తొక్కతో నానిన తెల్లద్రాక్ష వైన్ టీ డికాషన్ రంగులో దిగేది. దుకాణాల వాళ్ళు గ్లాసు ఎత్తి చూసి, పాడైపోయింది అని మర్యాదగా చెప్పి పంపేవాళ్ళు. నేను మొదటిసారి గుక్కెడు తాగినప్పుడు మామిడి టెంక చీకినట్టు నాలుక పట్టుకుపోయింది. రెండో గుక్క బాగుంది. ఆ మాట పెద్దాయనకి చెప్పలేదు, నెత్తికెక్కి కూర్చుంటారని.

ఆయన నన్ను ‘అగ్రనోమ్’ అని పిలిచేవారు. వాళ్ళ పాత సోవియట్ రోజుల్లో వ్యవసాయం చదివిన వాళ్ళని అలా అనేవారట. నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని. పెద్దవాళ్ళని ఇంకేమని పిలుస్తాం? ఆ పిలుపుకి ఆయన పొంగిపోయారు. వాళ్ళ ఊళ్ళో కూడా పరాయి మగాళ్ళని అలాగే పిలుస్తారట. ఈ దేశం వచ్చాక చిన్నాపెద్దా అందరూ ఉత్త పేరు పెట్టి పిలుస్తుంటే ప్రాణం ఉసూరుమనేదట. అంకుల్ అన్న పాపానికి ఆయన నాకు సగం చుట్టమైపోయారు.

ఇక కాగులోకి దిగడం. దిగే ముందు ఒక కొవ్వొత్తి తీగకి కట్టి లోపలికి దింపేవారు. అది ఆరిపోతే లోపల గాలి మంచిది కాదని అర్థం. ఆరకపోతే చిన్న నిచ్చెన, తర్వాత నేను. నడుముకి తాడు. చేతులు పైకెత్తి, ముందు కాళ్ళు, తర్వాత నడుము, తర్వాత ఒక్కో భుజం వంచి జారాలి. లోపల తిరగడానికి చోటుంటుంది, కూర్చోవడానికి ఉండదు. ఊపిరి వదిలితే అదే ఊపిరి గోడకి తగిలి మళ్ళీ మొహం మీదికి వచ్చేది. పైన కంచం అంత వెలుతురు, దాని మధ్యలో ఆయన తల. నాకు భయం వేసేది. ఎన్నిసార్లు దిగినా భయం తగ్గలేదు. ఆ కంచం మీద ఎవరో మూత పెడతారని, పెట్టి మట్టి మెత్తుతారని, చలికాలం అయ్యేదాకా తీయరని అనిపించేది. పైకి వచ్చాక నవ్వుతూ చేతులు కడుక్కునేదాన్ని.

వాళ్ళ పద్ధతిలో ఒక నియమం ఉంది. లోపల మనిషి ఉన్నంతసేపూ పైన ఉన్నవాళ్ళు ఆగకుండా మాట్లాడుతూ ఉండాలి, లోపలివాళ్ళు బదులు పలుకుతూ ఉండాలి. బదులు ఆగిందంటే స్పృహ తప్పినట్టే. వెంటనే తాడు లాగాలి. మొదటి రోజు ఆయన ఇదంతా చెప్పి, దింపి, పైనుంచి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన ఇంగ్లీషు మామూలుగానే సగం అర్థమయ్యేది. కాగులో పడితే గోడలకి తగిలి గలగలమని ఒక చప్పుడుగా మిగిలేది. బదులు ఏం చెప్పాలో తెలియక నా నోరు దానంతటదే ఊఁ అంది. చిన్నప్పుడు నానమ్మ పక్కలో పడుకుని కథ వింటున్నప్పుడు కొట్టిన ఊఁ. ఊఁ కొట్టడానికి కథ అర్థం కానక్కర్లేదు, నచ్చనూ అక్కర్లేదు. మెలకువగా ఉంటే చాలు. ఈ పనికి అంతకంటే ఏం కావాలి?

అలా రెండేళ్ళు ఆయన చెప్పారు, నేను ఊఁ కొట్టాను. లోపల ముక్కలుగా, బయట పూర్తిగా విన్నదాన్ని బట్టి ఆయన చెప్పేదంతా ద్రాక్ష గురించే. వాళ్ళ దేశంలో ఊరికో రకం ఉండేదట. ప్రభుత్వం వచ్చి, టన్నులు కాసే నాలుగైదు రకాలు ఉంచి మిగతావి పీకించేసిందట. వాళ్ళ తాతగారి పెరట్లో ఒక నల్లద్రాక్ష తీగ చెట్టు మీదికి ఎక్కించి ఉండేదట. నిచ్చెన వేసుకుని, నడుముకి బుట్ట కట్టుకుని కోసేవారట. దాన్నీ కొట్టేశారు. ఊరి బడి గోడ వెనక ఎవరూ పట్టించుకోని ఒక్క తీగ మాత్రం మిగిలింది. ఆ తీగ నుంచి కొమ్మలు తెప్పించి, ఈ దేశంలో నాటి, తన కాగులో ఆ నల్లద్రాక్ష వైన్ పోయాలి. ఆయనకి ఇంకో కోరిక లేదు. ఇంకో కబురూ లేదు.

కొమ్మలు వచ్చాయి కూడా. రాగానే క్వారంటైన్ వాళ్ళు పట్టుకెళ్ళి అద్దాల గదిలో పెట్టారు. పరాయి దేశం మొక్కకి జబ్బు లేదని తేలేదాకా బయటికి వదలరు. ఒకసారి ఇద్దరం చూడటానికి వెళ్ళాం. లోపలికి రానివ్వలేదు. ఆయన అద్దానికి నుదురు ఆనించి, కుండీల్లో వేలెడు చిగురు వేసిన కొమ్మల్ని చాలాసేపు చూశారు. నా ఫైలు ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర, ఆయన మొక్కలు క్వారంటైన్ వాళ్ళ దగ్గర. “వాటికీ నాకూ ఒకే వీసా, అంకుల్,” అన్నాను. ఆయన నవ్వలేదు. “నువ్వు కూడా ఇక్కడ వేళ్ళూనుకుంటావు,” అన్నారు. ఆ దీవెన నాకు శాపంలా వినిపించింది.

ఒక్కసారే నా సంగతి చెప్పాను, అదీ కత్తిరింపుల కాలంలో. మా నాన్నకి మేడ్చల్ వైపు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోట ఉండేది. రాతి గుంజల మీద పందిరి, పందిరి కింద మధ్యాహ్నం కూడా ఆకుపచ్చ చీకటి. బొటనవేలంత పొడుగు కాయలు, లేత తేనె రంగు. అక్కడ తీగకి నిద్ర ఉండదు, ఏడాదికి రెండు కటింగులు చేసేవాళ్ళం. ఇక్కడ తీగ చలికి ఆకు రాల్చి హాయిగా పడుకుంటుంది. మొదటిసారి దాన్ని చూసి అసూయపడ్డాను. గింజ లేని రకం వచ్చాక అనాబ్ ఎవరికీ అక్కర్లేకపోయింది. తర్వాత తోటే అక్కర్లేకపోయింది. గుంజలు పీకి ప్లాట్లకి హద్దురాళ్ళు పాతారు. పెద్దాయన అంతా విని, “ఒక్క కొమ్మ కూడా దాచుకోలేదా మీ నాన్న,” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా నాన్నని అనడానికి ఈయనెవరు? కత్తెర అక్కడే పడేసి టీ తాగడానికి వెళ్ళిపోయాను. వెళ్ళాను కానీ సాయంత్రం మళ్ళీ ఆ కత్తెరే పట్టుకున్నాను, ఎందుకంటే స్టిక్కర్ మీద ఆయన తోట పేరే ఉంది.

రెసిడెన్సీ వేసవి చివర్లో వచ్చింది. పాత స్టిక్కర్ పక్క పేజీలో కొత్త స్టిక్కర్, దాని మీద ఏ తోట పేరూ లేదు. మా ఆయన దాన్ని వేలితో తడిమి తడిమి చూశాడు. అదే వారంలో అతనికి కారులో ఎనిమిది గంటల దూరంలో ఉన్న వెల్లింగ్టన్‌లో ఒక కంపెనీ నుంచి ఫోను వచ్చింది, చదువుకున్న చదువుకి తగిన ఉద్యోగం. ఇంట్లో ఇక అదే మాట. ఆదివారం నేను దోశలు పోస్తుంటే అతను వెల్లింగ్టన్ గాలి గురించి, కొండ మీద ఇళ్ళ గురించి, అక్కడి తెలుగువాళ్ళ గురించి చెబుతూనే ఉన్నాడు. నేను పోస్తూనే ఉన్నాను. పెద్దాయనకి ఎలా చెప్పాలా అన్నదే నా బాధ. పంట ముందు కాగులు కడగడం ఒక్కటీ పూర్తిచేసి, ఆ రోజే చెప్పేసి బయటపడదామనుకున్నాను.

సోమవారం తోటకి వెళ్ళేసరికి షెడ్డు వెనకున్న చిన్న ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. అది ఆయన పాత సామాన్లు వేసుకునే ఇల్లు. సామానంతా బయట గడ్డి మీద ఉంది. లోపల గోడలకి తెల్లరంగు వేస్తున్నారు పెద్దాయన, ఆయాసపడుతూ.

“మీ ఇద్దరికీ,” అన్నారు. “వంటగది చిన్నది. పెంచుతాను.”

“మాకెందుకంకుల్?”

“కొమ్మలు బయటికి వదులుతున్నారు. చలికాలంలో నాటుతాం. కాపు రావడానికి ఏళ్ళు పడుతుంది. రోజూ బస్సులో ఎంతకాలం తిరుగుతావు? మొదటి కాపు దాకా ఉంటానన్నావుగా.”

“నేనా? ఎప్పుడన్నాను?”

ఆయన కుంచెతో షెడ్డు వైపు చూపించారు. “లోపల ఉన్నప్పుడు. ప్రతిసారీ అడిగాను. ప్రతిసారీ అవునన్నావు.”

లోపల నేనేమన్నానో నాకు తెలుసు. కానీ రంగు మరకల చొక్కాతో, ఆ వయసులో, మా కోసం గోడలకి కుంచె ఆడిస్తున్న మనిషితో అది ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఈ ఇంట్లోకి ఎలా వచ్చి ఉండాలి? స్టిక్కర్ వదిలిందనుకుంటే ఇది పట్టుకుంది. ముందు కాగు కడిగేద్దాం పదండి అన్నాను. అదొక్కటే నాకు వచ్చిన మాట.

కొవ్వొత్తి ఆరలేదు. దిగాను. ఆయన పైన కూర్చుని మొదలుపెట్టారు, ఈసారి చెవులు రిక్కించి విన్నాను. కప్పు రేకులు మార్పిస్తారట, కిటికీ కింద నాకు కావలసిన మిరప, వంకాయ వేసుకోవచ్చట. నేను గోడ తోముతున్నాను. చెయ్యి ఆడుతోంది, నోరు ఆడటం లేదు. ఇంకొక్క ఊఁ అంటే ఇంకో గది కట్టేస్తారని పీకల దాకా కోపం. కాసేపు, ఒక్క కాసేపు ఆయన నోరు మూసుకుంటే చాలుననిపించింది. అంతకంటే ఏమీ ఆలోచించలేదు.

“అగ్రనోమ్?”

నేను పలకలేదు.

మళ్ళీ పిలిచారు. తాడు గుంజుకుంది. కోపంలో నిచ్చెన మెట్టు గట్టిగా పట్టుకున్నాను, తాడు బిగిసింది కానీ నేను లేవలేదు. అది ఆయనకి స్పృహ తప్పిన మనిషి బరువులా అనిపించి ఉంటుంది. మరుక్షణం పైన వెలుతురు పోయింది. పూర్తిగా పోయింది. మూత పెట్టేశారనుకున్నాను. ఇన్నాళ్ళూ భయపడ్డది జరిగిపోయిందనుకున్నాను. అప్పుడు చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా జుట్టు పట్టుకుంది.

ఆయన తలకిందులుగా లోపలికి దూకబోయారు. తల, ఒక భుజం, ఒక చెయ్యి లోపలికి వచ్చాయి. మిగతా మనిషి కాగు మూతికి బిరడాలా బిగుసుకుపోయారు.

“బతికున్నావా?” అన్నారు, నా నెత్తికి బెత్తెడు దూరంలో.

“ఉన్నాను.”

“మరెందుకు పలకలేదు?”

“కోపం వచ్చి.”

ఆయన వెనక్కి రావాలని చూశారు, రాలేదు. నేను కింద నుంచి భుజాన్ని తోశాను. చేతులు సున్నపు నీళ్ళతో తడిసి జారిపోయాయి. ఆయన పక్కనుంచి సన్నటి గీతలా కొంచెం వెలుతురు, కొంచెం గాలి. అరిచినా వినేవాళ్ళు లేరు. మా ఆయన ఆ రోజు మధ్యాహ్నానికే నన్ను తీసుకెళ్ళడానికి కారు వేసుకుని వస్తానన్నాడు, ఇంకాసేపట్లో రావాలి. మెల్లగా ఊపిరి తీసుకోండి, మాట్లాడకండి అన్నాను. ఆయన మాట్లాడకుండా ఉండే మనిషి కాదు.

“ఎందుకు కోపం?”

ఎదురుగా మొహం కనిపించకపోవడం వల్లేమో, చెప్పగలిగాను. “ఊఁ అంటే అవును కాదు అంకుల్. వింటున్నాను అని. మా నానమ్మ కథ చెబుతున్నప్పుడు కూడా అదే అనేదాన్ని. మీరు అడిగింది నాకు లోపలికి వినబడను కూడా లేదు. నేను మాటివ్వలేదు. మేం వెల్లింగ్టన్ వెళ్ళిపోతున్నాం.”

ఆయన ఊపిరి బరువుగా దిగింది, తర్వాత ఆగినట్టయింది. చచ్చిపోయారేమోనని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

“మాకు అవునుకి మూడు మాటలు,” అన్నారు చివరికి. “పెద్దవాళ్ళతో ఒకటి. మామూలు వాళ్ళతో ఒకటి. ఇంట్లో వాళ్ళతో ‘హో’. నీ ఊఁ నాకు హో లాగే వినిపించింది, నువ్వు నాతో ఇంట్లో మాట అంటున్నావనుకున్నాను.”

నాకు ఏడుపొచ్చింది. కోపం పోలేదు, కానీ ఏడుపూ వచ్చింది.

“మీ భాషలో అవునుకి ఏమంటారు?”

“అవును అనే అంటారు.”

“అవును,” అని ఆయన రెండుసార్లు పలికి చూసుకున్నారు. “ఈ మాట నేను నీ దగ్గర ఎప్పుడూ వినలేదు. నిజమే.” కొంచెం ఆగి, “అయితే మీ ఆయన అడిగితే ఇలా అంటావన్నమాట. వెల్లింగ్టన్‌కి,” అన్నారు.

నేను నోరు తెరిచాను. అవునని ఎప్పుడన్నానా అని వెతుక్కున్నాను.

కారు చప్పుడు వినిపించేసరికి నా కాళ్ళు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి. మా ఆయన షెడ్డులోకి వచ్చి, నేలలోంచి పైకి లేచిన రెండు బూటు కాళ్ళు చూసి మొదట కెవ్వుమన్నాడు. తర్వాత నడుము పట్టుకుని లాగాడు. మొదట కొంచెం, తర్వాత ఒక్కసారిగా పెద్దాయన ఊడి బయటపడ్డారు. భుజం మీద చర్మం గీరుకుపోయింది, మొహం కందిపోయింది. నన్ను పైకి లాగి కూర్చోబెట్టాక ఆయనే లేచి నాకు నీళ్ళు తెచ్చారు.

“తప్పుగా విన్నాను,” అన్నారు, ఆ గ్లాసు నా చేతికిస్తూ. “నువ్వు వెళ్ళు. ఆ ఇంట్లోకి ఇంకెవరైనా వస్తారు.”

ఆ మాటతో నాకు గాలి ఆడాలి. ఆడలేదు.

కారులో మా ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. “నిజంగ చెప్తున్న, ఆ కాళ్ళు సూస్తే ముల్లంగి దుంపల్లెక్క ఉన్నయ్,” అన్నాడు. నేను నవ్వలేదు. మోటార్‌వే ఎక్కాక నవ్వు తగ్గించి, “చెప్పినవా మరి? పోతున్నమని,” అన్నాడు.

“చెప్పిన.”

“మంచిగైంది. వెల్లింగ్టన్ వాళ్ళకి వచ్చే నెల జాయిన్ అయితనని కన్ఫర్మ్ చేసిన. ఫ్లాట్‌కి నోటీస్ గూడ ఇచ్చేసిన.”

“నన్ను ఎప్పుడు అడిగినవ్?”

“ఆదివారం చెప్పిన గదా. దోశలు పోస్తున్నవ్. ఊఁ అన్నవ్.”

నేను అతని వైపు తిరిగాను. బడిలో నా వెనక బెంచీలో కూర్చున్న మనిషి, నా ఊరికి పది మైళ్ళ దూరంలో పుట్టినవాడు, వాళ్ళ అవ్వ ఒళ్ళో పడుకుని నాలాగే కథలు విన్నవాడు. ఆ ముసలాయనకైతే మన భాష రాదు.

“ఊఁ అంటే ఏందో నీకు తెల్వదా?” అన్నాను.

అతను అద్దంలో వెనకవైపు చూశాడు. లేన్ మారాల్సిన అవసరం లేకపోయినా ఇండికేటర్ వేశాడు, తీశాడు.

“తెలుసు,” అన్నాడు.

“మరి?”

“అడిగితే వద్దంటవేమోనని.”

కోపం తెచ్చుకుందామనుకున్నాను. కాగులో అంత కోపం వచ్చిన దాన్ని, ఇప్పుడు రావాలిగా. పెళ్ళయ్యాక న్యూజీలాండ్ అన్నప్పుడు, మౌంట్ రాస్కిల్ ఫ్లాట్ అన్నప్పుడు, ఆ తోటలో ఉద్యోగం ఎలాగైనా పట్టుకోమన్నప్పుడు నేనేమన్నానో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. తెలియక కట్టేసినాయన నీళ్ళిచ్చి వదిలేశారు. తెలిసి కట్టేసినవాడు పక్కన కూర్చుని కారు నడుపుతున్నాడు.

“ఇప్పుడు అడుగు,” అన్నాను.

“ఏంది?”

“అడుగు. మాటలతోని అడుగు.”

అతను ఎడమ లేన్‌లోకి మారాడు. మా ఎగ్జిట్ దగ్గరికి వచ్చాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, మెల్లగా అడిగాడు. “వెల్లింగ్టన్ పోదామా? నీకిష్టమేనా?”

వద్దు అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉందని, అడిగేవాళ్ళు లేక ఆగిందని అనుకున్నాను. నోరు తెరిస్తే వద్దూ రాలేదు, అవునూ రాలేదు. తోటలో ఉండాలని ఉందా అంటే అదీ తెలియలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేను కూడా ఎప్పుడూ అడుక్కోలేదు.

“నాకు తెల్వదు,” అన్నాను. అది నిజం. అతను కారు మా ఫ్లాట్ ముందు ఆపి, ఇంజను ఆపి, నేను ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.